నల్లరేగడి కట్టలు ఎందుకు జారతాయి?

2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు డోర్నకల్ జంక్షన్‌కు ఎగువన, ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. అది వరద కోత. రేగడి వాలు జారడం వేరు, పరీక్షలో ఈ రెండింటినీ కలిపేయకండి.

రేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ ఖనిజం నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వేసవి నెర్రెల్లోకి వాననీరు దిగి పైపొర పట్టు కోల్పోతుంది. అందుకే ఈ జారుడు ఎక్కువగా పైపైనే, తరచూ కట్ట వేసిన ఏళ్లకు కనిపిస్తుంది.

ఉబ్బు పరీక్ష (ఐఎస్ 2720, 40వ భాగం) తప్పక గుర్తుంచుకోండి. రెండు కొలజాడీల్లో 10 గ్రాముల చొప్పున పొడిమట్టి వేసి, ఒకదాంట్లో నీరు, మరోదాంట్లో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. కనీసం 24 గంటలాగి రెండింటి ఘనపరిమాణాల తేడా చూస్తారు.

ఉబ్బే మట్టికి సున్నం కలిపితే కాల్షియం అయాన్లు సోడియం స్థానంలో చేరి ఉబ్బు తగ్గుతుంది. కాలువ గట్లకు ఐఐటీ బాంబే ఆచార్యుడు ఆర్.కె. కట్టి పరిశోధనలతో వచ్చిన సీఎన్‌ఎస్ పొర, అంటే ఉబ్బని బంకమట్టి పరుపు, వాడతారు. ఉబ్బే నేలల్లో కాలువల లైనింగ్‌పై ఉన్న ఐఎస్ 9451 దీని గురించి చెబుతుంది. వాలు తగ్గించడం, వట్టివేరు నాటడం కూడా పనికొస్తాయి. అయితే నీటికి దారి చూపే డ్రెయిన్లే అన్నింటికన్నా ముందు.