పాఠం 17: మోటారు, గేరు, టైరు

17.0 ప్రస్తావన

సైకిలు తొక్కని వారు మనలో అరుదు. చదునైన దారిలో హాయిగా సాగిన సైకిలు, వంతెన ఎక్కేటప్పుడు కాళ్ళు పీకేస్తుంది. సైకిలూ అదే, కాళ్ళూ అవే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే రిమోటుతో నడిచే చిన్న కారును పందానికి ఎలా సిద్ధం చేయాలో కూడా తెలుస్తుంది.

ఈ పాఠం ఒక సమాచార వ్యాసం. దీనిలో కొన్ని చిన్న లెక్కలు ఉన్నాయి. ‘నిష్పత్తి’ అనగానే కొందరికి బడిలో తిన్న దెబ్బలు గుర్తుకు రావచ్చు. భయపడకండి. ఇక్కడ గుణించడం, భాగించడం వస్తే చాలు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి.

17.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మోటారు, గేరు, టైరు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడతాయో వివరించగలుగుతారు.
- గేరు నిష్పత్తిని లెక్కకట్టి, దానిని మాటల్లో చెప్పగలుగుతారు.
- ఒక లోపానికి కారణం వెతికే పద్ధతిని వరుసగా రాయగలుగుతారు.
- చేదర్థక, అప్యర్థక క్రియలను గుర్తించి వాడగలుగుతారు.

17.2 మూలపాఠం

(అ) ఉక్కు ఊరిలో ఒక సంభాషణ

భిలాయి ఉక్కు నగరం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైంది. అప్పుడు ఈ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారని ఊహించుకోండి. అన్న కర్మాగారంలో ఫిట్టరు. తమ్ముడికి రిమోటు కార్ల పందాలంటే ప్రాణం.

తమ్ముడు: అన్నా, ఓవర్‌టైము డబ్బులు వచ్చాయి కదా, కొంచెం సర్దుతావా? ఇంకా పెద్ద మోటారు కొనాలి. పోయిన పందెంలో అందరికన్నా వెనకబడ్డాను.

అన్న: కొందువుగాని. ముందు ఇది చెప్పు. తిన్నని దారిలో వెనకబడ్డావా, మలుపులోనా?

తమ్ముడు: మలుపులోనే. తిప్పగానే వెనక భాగం జారిపోతోంది.

అన్న: జారేది మోటారా, టైరా?

తమ్ముడు: టైరే.

అన్న: టైరు జబ్బుకు మోటారు మందు వేస్తానంటావేంట్రా!

తమ్ముడు చేయబోయిన పొరపాటు మనమందరం ఎప్పుడో ఒకప్పుడు చేసేదే. ఏది సరిగా లేదో తేల్చుకోకుండానే ఖరీదైన వస్తువు కొంటాం. డబ్బు పోతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు కారులోని మూడు భాగాలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

(ఆ) మోటారు

జపాన్‌కు చెందిన టామియా సంస్థ 1976లో తన మొదటి రిమోటు కారును విడుదల చేసింది. అసలు కారులో పదో వంతు కొలతలతో చేసే విద్యుత్ కార్లలో ‘540’ అనే పరిమాణం గల మోటారు ఎక్కువగా కనిపిస్తుంది. 540 అన్నది దాని డబ్బా సైజును తెలిపే అంకె మాత్రమే. అది శక్తిని చెప్పదు. శక్తి తెలియాలంటే లోపల తీగ ఎన్ని చుట్లు చుట్టారో చూడాలి.

తీగ చుట్లు తక్కువైతే మోటారు ఎక్కువ వేగంగా తిరుగుతుంది, కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. చుట్లు ఎక్కువైతే నెమ్మదిగా తిరుగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పాతరకం మోటార్లలో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. అవి అరుగుతాయి, మార్చుకోవాలి. బ్రష్‌లెస్ మోటార్లలో ఆ బాధ లేదు. కానీ వాటిని నడిపే ఎలక్ట్రానిక్ పరికరం వేరుగా ఉండాలి.

చాలా క్లబ్బులు ‘అందరికీ ఒకే రకం మోటారు’ అనే నియమంతో ఒక తరగతి పందెం పెడతాయి. కొత్తవారు మొదట అందులో చేరడం మంచిది. అక్కడ గెలుపు జేబులోని డబ్బు మీద కాక, గేరు, టైరుల ఎంపిక మీద, నడిపే నేర్పు మీద ఆధారపడుతుంది.

(ఇ) గేరు

మీ సైకిలు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. 44 ÷ 18 = సుమారు 2.44. పెడలు ఒకసారి తిరిగితే చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది. కాలి వేగం తక్కువ, బలం ఎక్కువ. అందుకే అక్కడ వేగాన్ని పెంచే ఏర్పాటు ఉంది.

మోటారు సంగతి దీనికి తలకిందులు. దానికి వేగం చాలా ఎక్కువ, బలం తక్కువ. కాబట్టి గేరు దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. రోలింగ్ మిల్లులో మోటారుకూ రోలర్లకూ నడుమ ఉండే గేరుబాక్సు చేసే పని కూడా ఇదే. ఆ పనిలో ఉన్నవారికి ఈ సంగతి కొత్తది కాదు.

మోటారు ఇరుసుకు బిగించే చిన్న పళ్ళచక్రాన్ని పినియన్ అంటారు. అది తిప్పే పెద్ద చక్రం స్పర్ గేరు. టామియా టిటి-02 కారులో స్పర్ గేరుకు 70 పళ్ళు, మామూలుగా వచ్చే పినియన్‌కు 22 పళ్ళు. ఆ తరువాత లోపలి గేర్లు వేగాన్ని మరో 2.6 రెట్లు తగ్గిస్తాయి.

70 ÷ 22 × 2.6 = 8.27

అంటే మోటారు 8.27 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టైరు వ్యాసం 64 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత 3.14 × 64 = 201 మి.మీ. ఇప్పుడు 201ని 8.27తో భాగించండి. 24.3 వస్తుంది. మోటారు ఒక్కసారి తిరిగితే కారు 24.3 మి.మీ. ముందుకు పోతుందన్నమాట. పందెంగాళ్ళు గుర్తుంచుకునే అసలు అంకె ఇదే. ఎందుకంటే దీనిలో గేరూ ఉంది, టైరూ ఉంది.

మోటారు నిమిషానికి 15,000 సార్లు తిరిగితే కారు నిమిషానికి సుమారు 364 మీటర్లు, గంటకు సుమారు 22 కి.మీ. పోతుంది. 22 పళ్ళకు బదులు 25 పళ్ళ పినియన్ వేస్తే నిష్పత్తి 7.28 అవుతుంది. కారు ఒక తిప్పుకు 27.6 మి.మీ. పోతుంది. కాగితం మీద వేగం గంటకు 24.8 కి.మీ.

అయితే ఊరికే వేగం ఎవరూ ఇవ్వరు. పినియన్ పెద్దదయ్యే కొద్దీ మోటారు మీద బరువు పెరుగుతుంది. వంతెన ఎక్కే సైకిలు గుర్తుందా? మోటారుకూ అలాగే ఆయాసం వస్తుంది. అది కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. మే నెలలో భిలాయి ఎండకు ఈ వేడి తోడైతే మోటారు పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి పినియన్ మార్చినప్పుడు ఒక్కొక్క పన్ను చొప్పునే పెంచండి. రెండు నిమిషాలు నడిపి ఆపి, మోటారు వేడి చూడండి. వేలు ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే ఒక పన్ను తగ్గించండి. బ్యాటరీని ఎండలో వదలకండి. లిథియం బ్యాటరీని చార్జింగులో పెట్టి బయటికి వెళ్ళకండి.

(ఈ) టైరు

మోటారు ఎంత బలమిచ్చినా అది నేలకు చేరేది టైరు ద్వారానే. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. ఎండకు కాగిన తారురోడ్డు మీద అది మరీ మెత్తబడుతుంది. అక్కడ కొంచెం గట్టి రబ్బరు నయం. చల్లని ఉదయం అదే గట్టి టైరు జారుతుంది. మట్టి నేలకు చిన్న చిన్న ముళ్ళవంటి బుడిపెలున్న టైర్లు వాడతారు. దుమ్ము పట్టిన టైరు ఏదైనా జారుతుంది. అందుకే పందానికి ముందు తుడవాలి. ఇది ఖర్చులేని మరమ్మతు.

పట్టు ఎక్కువైతే అంతా మంచిదే అనుకోకండి. పట్టు మరీ ఎక్కువైతే మలుపులో కారు జారడానికి బదులు పల్టీ కొడుతుంది.

స్పాంజి టైర్లు వాడేవారు మరొకటి గమనించాలి. అవి అరిగి వ్యాసం తగ్గుతుంది. వ్యాసం తగ్గితే కారు ఒక తిప్పుకు పోయే దూరమూ తగ్గుతుంది. పినియన్ మార్చకపోయినా గేరు మారినట్టే!

(ఉ) గెలిపించేది ఏది?

అన్న మాట విని తమ్ముడు మోటారు కొనలేదు. ముందు టైర్లు శుభ్రం చేసి, నేలకు తగినవి వేశాడు. జారడం తగ్గింది. తరువాత మూడు పినియన్లు ఒక్కొక్కటిగా వేసి, ఒక్కొక్కదానితో అయిదేసి నిమిషాలు నడిపి పుస్తకంలో రాసుకున్నాడు. (ఈ అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి.)

22 పళ్ళు: అతి వేగమైన చుట్టు 14.6 సెకన్లు, సగటు 14.8 సెకన్లు, మోటారు గోరువెచ్చన.
23 పళ్ళు: అతి వేగమైన చుట్టు 14.3 సెకన్లు, సగటు 14.5 సెకన్లు, మోటారు వెచ్చన.
25 పళ్ళు: అతి వేగమైన చుట్టు 14.2 సెకన్లు, సగటు 15.1 సెకన్లు, మోటారు ముట్టుకోలేనంత వేడి.

అన్నింటిలో వేగమైన చుట్టు 25 పళ్ళదే. కానీ అయిదు నిమిషాలకు, అంటే 300 సెకన్లకు లెక్క కట్టండి. 23 పళ్ళతో 20 చుట్లు పూర్తయి ఇరవై ఒకటో చుట్టు సగం దాటుతుంది. 25 పళ్ళతో 20 చుట్లు కూడా పూర్తి కావు. ఒక చుట్టు వేగంగా తిరగడం వేరు, పందెం పూర్తిచేయడం వేరు.

తమ్ముడు పాటించిన పద్ధతిని గమనించండి. ఒకసారికి ఒక్కటే మార్చాడు. మార్చిన ప్రతిసారీ కొలిచాడు. కొలిచింది రాసుకున్నాడు. నీళ్ళ పంపు బాగుచేసినా, కుట్టుమిషను సరిచేసినా ఈ పద్ధతే పనికివస్తుంది. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో మీకే తెలియదు.

పాఠగత ప్రశ్నలు 17.1

1. ‘540’ అనే అంకె మోటారు గురించి ఏమి తెలుపుతుంది?
2. సైకిలు గేరుకూ, కారు గేరుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
3. 22 పళ్ళ పినియన్ ఉన్న కారుకు టైరు అరిగి వ్యాసం 60 మి.మీ. అయింది. ఒక తిప్పుకు ఎంత దూరం పోతుంది? 23 పళ్ళ పినియన్ వేస్తే ఎంత?

17.3 భాషాంశాలు

ఈ వాక్యాలు చూడండి.
- వ్యాసం తగ్గితే దూరమూ తగ్గుతుంది.
- మోటారు ఎంత బలమిచ్చినా అది నేలకు చేరేది టైరు ద్వారానే.

మొదటి వాక్యంలో ‘తగ్గితే’ ఒక షరతును తెలుపుతుంది. ఇది జరిగితే అది జరుగుతుంది. ఇలాంటి అసమాపక క్రియను చేదర్థకం అంటారు. రెండో వాక్యంలో ‘ఇచ్చినా’ అన్నది అప్యర్థకం. ఒక పని జరిగినప్పటికీ అనుకున్న ఫలితం రాదని ఇది సూచిస్తుంది.

మరమ్మతు చేసేవారికి ఈ రెండూ కావాలి. ‘ఇలా చేస్తే ఏమవుతుంది?’ అన్నది ప్రయత్నానికి ముందు వేసే ప్రశ్న. ‘ఇలా చేసినా కాలేదు’ అన్నది ప్రయత్నం తరువాత నిజాయితీగా రాసుకునే మాట. రెండోది రాసుకోనివారు చేసిన తప్పే మళ్ళీ చేస్తారు.

పాఠగత ప్రశ్నలు 17.2

బ్రాకెట్లలోని క్రియను తగిన రూపంలో రాయండి.
1. పినియన్ పళ్ళు (పెంచు) ______ మోటారు వేడెక్కుతుంది.
2. మోటారు (మార్చు) ______ కారు జారడం తగ్గలేదు.

17.4 మీరు ఏమి నేర్చుకున్నారు?

- మోటారు వేగాన్ని తగ్గించి, బలాన్ని పెంచేది గేరు. ఆ బలాన్ని నేలకు చేర్చేది టైరు.
- మోటారు ఒక తిప్పుకు కారు పోయే దూరం = టైరు చుట్టుకొలత ÷ గేరు నిష్పత్తి.
- వేగం పెంచితే వేడి పెరుగుతుంది. పందెం పూర్తయ్యేదాకా నిలిచే వేగమే మంచి వేగం.
- లోపం ఎక్కడుందో తెలుసుకున్న తరువాతనే డబ్బు ఖర్చు చేయాలి.

17.5 పాఠ్యాంత ప్రశ్నలు

1. “టైరు జబ్బుకు మోటారు మందు” అనడంలో అన్న ఉద్దేశం ఏమిటి? ఇలాంటి అనుభవం మీకు ఉంటే పది వాక్యాలలో రాయండి.
2. మీ ఇంటి సైకిలు పళ్ళచక్రాల పళ్ళు లెక్కపెట్టి నిష్పత్తి కట్టండి. పెడలు ఒకసారి తిప్పి చక్రం ఎంత తిరిగిందో చూసి సరిపోల్చండి.
3. మీకు తెలిసిన ఒక పనిముట్టు మరమ్మతును చేదర్థక క్రియలు వాడుతూ వరుసగా వివరించండి.

17.6 పాఠగత ప్రశ్నలకు జవాబులు

17.1: 1. డబ్బా సైజును. 2. సైకిలు గేరు వేగాన్ని పెంచుతుంది. కారు గేరు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది. 3. 22.8 మి.మీ.; 23.8 మి.మీ.
17.2: 1. పెంచితే 2. మార్చినా