టెక్స్టా, బైనరీయా: తెలుగు ఫైల్ దగ్గర తప్పే కోడ్

యూజర్ అప్‌లోడ్ చేసిన ఫైల్ టెక్స్టా, బైనరీయా అని తేల్చే ఫంక్షన్ రాయాల్సి వస్తే ఎక్స్‌టెన్షన్‌ని నమ్ముకోకండి. పేరు ఎవరైనా మార్చేయొచ్చు. లోపలి బైట్లే చూడాలి.

గిట్ పద్ధతి తేలికైనది. మొదటి 8000 బైట్లలో సున్నా బైట్ ఒక్కటి కనబడినా ఫైల్ బైనరీ అంటుంది. చాలా పనులకు ఇది సరిపోతుంది. ఇబ్బందల్లా యూటీఎఫ్-16తోనే. ఎక్సెల్‌లో ‘యూనికోడ్ టెక్స్ట్’గా సేవ్ చేస్తే వచ్చేది అదే. అందులో ప్రతి ఖాళీకీ, ప్రతి అంకెకీ ఒక సున్నా బైట్ ఉంటుంది. అందుకని సున్నా కోసం వెతికే ముందే మొదటి రెండు బైట్లు చూడండి. అవి 255, 254 అయినా, 254, 255 అయినా యూటీఎఫ్-16గా చదివి చూడండి.

127 దాటిన బైట్లను లెక్కపెట్టి, మూడో వంతు మించితే బైనరీ అనే పద్ధతి ఇంకా చాలా కోడ్‌లో కనిపిస్తుంది. దయచేసి అది రాయకండి. యూటీఎఫ్-8లో ‘అ’ అంటే 224, 176, 133. తెలుగు అక్షరాలకూ గుణింతపు గుర్తులకూ ఒక్కోదానికి మూడేసి బైట్లు, మూడూ 127 పైనే. ఆ లెక్కన తెలుగు వార్త ఏదైనా బైనరీ కిందే పోతుంది. పర్ల్‌లో కూడా ఈ మూడో వంతు లెక్క ఉంది. కానీ అది ముందు సరైన యూటీఎఫ్-8 అవునో కాదో చూస్తుంది, అయితే టెక్స్ట్‌గానే ఒప్పుకుంటుంది. మీరూ ఆ వరుసే పాటించండి.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. 8000ని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. అంటే అన్నీ తెలుగు అక్షరాలే ఉన్న ఫైల్‌లో మీరు చదివిన ముక్క ఒక అక్షరం మధ్యలో తెగుతుంది. దాన్ని పైథాన్‌లో మామూలు డీకోడ్‌కి ఇస్తే ఎర్రర్ వస్తుంది, మంచి ఫైల్ కాస్తా బైనరీ అయిపోతుంది. ఇంక్రిమెంటల్ డీకోడర్ వాడితే తెగిన బైట్లను తప్పనకుండా అట్టే పెట్టుకుంటుంది.

పీడీఎఫ్ బైనరీయే అయినా మొదట్లో మామూలు అక్షరాలే ఉంటాయి కాబట్టి దాని సంతకాన్ని, అంటే ఫైల్ రకాన్ని తెలిపే మొదటి బైట్లను, విడిగా పోల్చుకోవాలి.

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు టెక్స్టే అయినా యూటీఎఫ్-8 పరీక్షలో తప్పుతాయి. వాటిని తిప్పికొట్టకండి. మీ ఫంక్షన్‌కి ‘తేలలేదు’ అనే మూడో జవాబు పెట్టి, అలాంటి ఫైళ్లను మనిషి చూసేలా పక్కన ఉంచండి.