మిద్దె మీద ఎండ, వాకిట్లో నీడ

అనంతపురంలో ఒక వీధి. ఆ వీధిలో ఒక చిన్న మిద్దె ఇల్లు ఉందనుకుందాం. ఇంటికి పడమటి పక్కన ఒక వేప చెట్టు ఉంది. ఇంట్లో అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు ఉంటారు.

2002లో పెద్ద కరువు వచ్చింది. దేశమంతటా వాన తగ్గిన ఏడు అది. ఆ ఏడే అత్త ఈ చెట్టు నాటింది. తాగడానికే నీళ్లు కరువు. మరి మొక్కకు నీళ్లెక్కడివి? బోకులు కడిగిన నీళ్లు పోసింది. కాళ్లు కడుక్కున్న నీళ్లు పోసింది. మేకలు తినకుండా చుట్టూ ముళ్ల కంప పెట్టింది. మొక్క బతికింది. చెట్టు అయింది. ఇప్పుడది మిద్దెను దాటి పెరిగింది. ఎండాకాలం మధ్యాహ్నం వీధిలోని ఆడవాళ్లు దాని కిందనే కూర్చుంటారు. చింతపండు గింజలు తీస్తారు. కష్టం సుఖం చెప్పుకుంటారు.

ఇంట్లో కరెంటు బిల్లు పెరిగింది. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టిద్దామన్నాడు కొడుకు. పలకలు బిగించే అబ్బాయి వచ్చి చూశాడు.

"అవ్వా, ఈ చెట్టు నీడ పడితే కరెంటు సరిగా రాదు. చెట్టు కొట్టించండి. అప్పుడు బిగిస్తా" అన్నాడు.

అత్త గుండె గుభేలుమంది. "బిడ్డను సాకినట్టు సాకిన చెట్టు నాయనా ఇది. ఎట్ల కొట్టమంటావు?" అంది.

"బిల్లు కట్టలేకుండా ఉన్నాం కదత్తా" అంది కోడలు.

"పలకలు ఒక్క రోజులో వస్తాయమ్మా. ఇంత చెట్టు కావాలంటే ఇరవై ఏండ్లు కావాలి" అంది అత్త.

ఇద్దరి మాటా నిజమే. మరి ఏం చేయాలి?

మనకు రెండూ కావాలి

పడమటి కనుమలు వాన మబ్బులను అడ్డుకుంటాయి. అందుకే అనంతపురం ప్రాంతానికి వాన తక్కువ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎండ మాత్రం ఏడాదిలో చాలా రోజులు దండిగా ఉంటుంది.

ఆ ఎండతోనే కరెంటు తయారు చేయవచ్చు. కదిరి వైపు నంబులపూలకుంట దగ్గర పెద్ద సోలార్ పార్కు ఉంది. 2016లో అక్కడ కరెంటు తయారీ మొదలైంది. ఆ కదిరి వైపే తిమ్మమ్మ మర్రిమాను కూడా ఉంది. ఒకే చెట్టు ఐదు ఎకరాలకు దగ్గరగా పరచుకుంది. 1989లో అది గిన్నిస్ రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. ఈ రెండూ ఇదివరకు అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

అంటే ఎండా మన ఆస్తే, చెట్టూ మన ఆస్తే. ఒకదాని కోసం ఇంకొకటి పోగొట్టుకోవడం ఎందుకు?

పడమటి పక్క చెట్టు ఉంటే సాయంత్రపు ఎండ గోడ మీద పడదు. ఇల్లు చల్లగా ఉంటుంది. ఫ్యాను తక్కువ తిరుగుతుంది. చెట్టు ఆకుల నుండి నీటి ఆవిరి వస్తుంది. దానివల్ల చుట్టూ గాలి చల్లబడుతుంది. చెట్టు కొడితే ఆ చల్లదనం పోతుంది. కరెంటు ఖర్చు మళ్లీ పెరుగుతుంది.

పలకకు ఏం కావాలి?

సోలార్ పలకకు కావలసింది వెలుతురు. వేడి కాదు. పలక బాగా కాలిపోతే కరెంటు కొంచెం తగ్గుతుంది కూడా. అందుకే పలకల కింద గాలి ఆడేట్టు స్టాండు మీద బిగిస్తారు.

1 కిలోవాట్ పలకలకు మిద్దె మీద సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. మంచి ఎండ ఉన్న రోజు 1 కిలోవాట్‌కు సుమారు 4 యూనిట్ల కరెంటు వస్తుంది.

కొంచెం నీడ పడితే ఏమవుతుంది? నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు ఆడవాళ్లు వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకుంటారు. వరుసలో ఒకరు ఆగితే అందరూ ఆగాల్సిందే. పలకలను కూడా ఒకదానికొకటి వరుసగా కలుపుతారు. ఒక పలక మీద నీడ పడితే మిగతా పలకల కరెంటు కూడా తగ్గవచ్చు. కాబట్టి ఆ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ నీడ ఎక్కడ పడుతుందో అతను కొలవలేదు.

నీడను కొలిచారు

పెద్ద మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. "అవ్వా, కొట్టే ముందు కొలుద్దాం" అంది.

అది డిసెంబరు నెల. కోడలు, మనవరాలు సుద్దముక్క తీసుకుని మిద్దె ఎక్కారు. ఉదయం 9 గంటలకు చెట్టు నీడ ఎంతవరకు ఉందో చూశారు. మిద్దె మీద నీడే లేదు. మధ్యాహ్నం 12 గంటలకు పడమటి అంచున కొంచెం పడింది. 3 గంటలకు నీడ బాగా లోపలికి వచ్చింది. ప్రతిసారీ నీడ అంచున గీత గీశారు.

పలకల కరెంటులో ఎక్కువ భాగం 9 గంటల నుండి 3 గంటల లోపే వస్తుంది. కాబట్టి ఈ మూడు గీతలే ముఖ్యం.

మిద్దె పొడవు 30 అడుగులు. 3 గంటల నీడ పడమటి అంచు నుండి 11 అడుగుల వరకే వచ్చింది. తూర్పు సగంలో నీడ లేదు. ఆ సగం 15 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే 300 చదరపు అడుగులు. 2 కిలోవాట్ల పలకలకు 200 చాలు!

"అత్తా, చెట్టు కొట్టే పనిలేదు. తూర్పు పక్కన పెట్టిస్తే సరి" అంది కోడలు.

అత్త కళ్లు మెరిశాయి. అబ్బాయి కూడా గీతలు చూసి ఒప్పుకున్నాడు.

సూర్యుడు ఏ పక్క ఉంటాడు?

అన్ని ఇళ్లూ ఒకేలా ఉండవు. చెట్టు ఏ దిక్కున ఉందో చూసుకోవాలి.

చలికాలంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. నీడలు పొడుగ్గా ఉత్తరానికి పడతాయి. మే, జూన్, జూలై నెలల్లో మన ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి కంటే కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు నీడలు పొట్టిగా ఉంటాయి.

అందుకే ఉత్తరం పక్క చెట్టుతో పలకలకు పెద్దగా ఇబ్బంది లేదు. దక్షిణం పక్క చెట్టుతోనే జాగ్రత్త. ఆ చెట్టు పలకల కన్నా ఎన్ని అడుగులు ఎత్తు ఉందో, కనీసం అన్ని అడుగుల దూరంలో ఉండాలి. ఇంకొంచెం ఎక్కువ దూరమైతే మరీ మంచిది.

నీడ తప్పకపోతే ఏం చేయాలి?

మొదట, అడ్డొచ్చే కొమ్మలు మాత్రమే తీయించండి. తల నరికించకండి. వేప, కానుగ మళ్లీ చిగురిస్తాయి. కరెంటు తీగల దగ్గరి కొమ్మల మీద మీరు చేయి వేయకండి. కరెంటు ఆఫీసు వాళ్లకు చెప్పండి.

రెండోది, స్టాండు ఎత్తు పెంచమని అడగండి.

మూడోది, ఒక్కో పలకకు ఒక్కో చిన్న యంత్రం బిగించే పద్ధతి ఉంది. అప్పుడు ఒక పలక మీద నీడ పడినా మిగతావి తమ పని తాము చేస్తాయి. దీనికి ఖర్చు కొంచెం ఎక్కువ.

ఇవేవీ కుదరనప్పుడే చెట్టు తీసే మాట. మన రాష్ట్రంలో 2002 నుండి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వచ్చిన చట్టం అది. మన స్థలంలోని చెట్టు అయినా సరే, కొట్టే ముందు అనుమతి కావాలేమో అధికారులను అడగాలి.

పొరుగింటి చెట్టు అయితే?

ఈ తగాదా మనకే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978లోనే దీని మీద చట్టం వచ్చింది. పలకల మీద పొరుగు చెట్ల నీడ పడకూడదని ఆ చట్టం. అక్కడ సన్నీవేల్ అనే ఊరిలో ఇద్దరు ఇరుగుపొరుగువారు కోర్టుకు ఎక్కారు. ఒకరివి చెట్లు. ఇంకొకరివి పలకలు. చివరికి 2008లో చట్టాన్ని మార్చారు. పలకల కంటే ముందే నాటిన చెట్టుకు ఆ చట్టం వర్తించదని చేర్చారు.

కోర్టు దాకా పోవడం ఎందుకు? పలకలు పెట్టే ముందే పొరుగువారితో కూర్చుని మాట్లాడుకుంటే మేలు.

కొత్త మొక్క నాటేటప్పుడు

ఉత్తరం పక్క వేప, కానుగ నాటండి. దక్షిణం పక్క కరివేపాకు, దానిమ్మ, సీతాఫలం లాంటి పొట్టి చెట్లు నాటండి. అవి వేప అంత ఎత్తు పెరగవు. ఇంటికి తిండికీ పనికొస్తాయి.

పలకల మీద దుమ్ము పడినా కరెంటు తగ్గుతుంది. పొద్దున్నే, పలకలు చల్లగా ఉన్నప్పుడు, మెత్తని గుడ్డతో తుడవండి. పిట్టగోడ లేని మిద్దె అంచుకు పోకండి. తీగలను ముట్టుకోకండి.

ఇప్పుడు ఆ ఇంటి మిద్దె మీద తూర్పున పలకలు మెరుస్తున్నాయి. పడమట వేప చెట్టు కింద చింతపండు పని సాగుతోంది. అత్త చెట్టు మానుకు ఆనుకుని కూర్చుంది. మనవరాలు మొదటి నెల కరెంటు బిల్లు తెచ్చింది. కోడలు దాన్ని కూడబలుక్కుంటూ తానే చదివింది. బిల్లు తగ్గింది.

తెలుసుకోండి

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. ఇంటి మీద పలకలు పెట్టుకునేవారికి ఆ పథకంలో ప్రకటించిన సబ్సిడీ ఇది:
1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు.
2 కిలోవాట్లకు 60,000 రూపాయలు.
3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయలు.
డబ్బు కట్టే ముందు ఇప్పటి నిబంధనలు కరెంటు ఆఫీసులో అడగండి. కాగితం చదివాకే సంతకం పెట్టండి.

లెక్క చేయండి

ఎండలో 3 అడుగుల కర్ర నిలబెట్టారు. దాని నీడ 2 అడుగులు. అదే సమయంలో చెట్టు నీడ, మాను మొదలు నుండి కొలిస్తే, 16 అడుగులు. చెట్టు ఎత్తు ఎంత?
(2 అడుగుల నీడకు 3 అడుగుల ఎత్తు. 16 అడుగుల నీడలో 2 ఎన్నిసార్లు ఉంది? 8 సార్లు. 8 × 3 = 24 అడుగులు.)

మాట్లాడుకోండి

1. మీ ఇంటి దగ్గరి చెట్టు ఏ దిక్కున ఉంది?
2. ఆ చెట్టు ఎవరు నాటారు? దానివల్ల మీకు ఏమేమి లాభాలు?
3. చెట్టు కొట్టే ముందు ఏమేమి చూడాలి? మూడు వాక్యాలు రాయండి.