పంచనామాలో రాసే కడుపునొప్పి

చిరంజీవి మేనల్లుడికి,

ఎస్సై ఉద్యోగం చేస్తూనే నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తానని, అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలలో పాఠాలు కూడా చెప్పాలనుందని రాశావు. చాలా సంతోషం. పాత బాటే అది. అమెరికాలో బర్క్‌లీ పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్ 1916లోనే అక్కడి విశ్వవిద్యాలయంలో పోలీసులకు చదువు మొదలుపెట్టించాడు. సెలవులు, ఫెలోషిప్పుల సంగతి నువ్వే కనుక్కోగలవు. నాకు స్టేషన్ కాగితాల గురించే చెప్పాలనుంది.

'నీకేమయ్యా, డేటా అంతా నీ చేతిలోనే ఉంది' అంటారు అందరూ. ఆ మాట నమ్మొద్దు. మన సీమలో శవపంచనామాలు తిరగేస్తే 'కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగి' అన్న వాక్యం పదేపదే తగులుతుంది. వాన రాక శనక్కాయ ఎండి, బోరు అడుగంటి, అప్పు నెత్తిన పడ్డ రైతు చావు కూడా ఆ వాక్యంలోనే కలిసిపోతుంది. కేసంటే ఇంటివాళ్లకు భయం, స్టేషన్ రైటరుకేమో ఆ వాక్యం రాయడం అలవాటు. పంచాయతీదారులు సంతకం పెట్టేస్తారు. 2004 నాటి జీవో 421 కింద రైతు ఆత్మహత్యలను నిర్ధారించే త్రిసభ్య కమిటీలో ఆర్డీవో, వ్యవసాయాధికారితో పాటు డీఎస్పీని కూడా పెట్టారు. ఇక చూడు, స్టేషన్లో రాసిన ఆ ఒక్క మాట ఆ ఇంటి పరిహారానికి అడ్డం పడొచ్చు. పరిహారం సంగతి తెలిశాక కారణం మార్చి చెప్పేవాళ్లూ ఉంటారు. శవపంచనామాకున్న 174 సెక్షన్ పోయి 2024 జూలై నుంచి 194 వచ్చింది గానీ, రాసే చేతులు అవే. అందుకే లెక్క కట్టే ముందు ఆ మాట ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని ఆరా తియ్యి. నా దృష్టిలో అసలు పరిశోధన అదే.

నేరాల లెక్కల కాగితాలదీ ఇదే కథ. మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ 1892లో 'నేరస్థ వర్గాల' మీద పుస్తకం వేశాడు. ఎరుకలవాళ్లను అందులో చేర్చాడు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న ఆ జనం బతుకును రైళ్లు, ఉప్పు చట్టాలు దెబ్బతీశాయి. 1876-78 కరువు మన ప్రాంతాన్ని ఊడ్చేసింది. వాళ్ల మీద వేసిన నేరస్థ జాతుల ముద్ర మద్రాసులో 1947 దాకా చట్టంలో నిలిచింది. ఈ రోజుకీ ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఏ వీధికి జీపు పోతుందో నీకు తెలుసు. ఆ అలవాటును రికార్డు చేసిన కాగితాలనే నేరాల లెక్కగా చూపిస్తే నువ్వూ ముల్లాలీ పనే చేసినట్టు.

ఇంకొకటి. యూనిఫాంలో అడిగితే పల్లెలో ఎవరూ కాదనరు. దాన్ని సమ్మతి అనుకోవద్దు. నీ స్టేషన్ పరిధిలో ఇంటర్వ్యూలు చెయ్యొద్దు. పక్క జిల్లాకు మామూలు బట్టల్లో వెళ్లు. పోలీసువని మాత్రం దాచకు. ఎస్పీ అనుమతి, విశ్వవిద్యాలయం అనుమతి రాతలో తీసుకో. ఏ మాటలు నువ్వు రహస్యంగా ఉంచలేవో కూర్చోగానే చెప్పు, నేరం సంగతి బయటికొచ్చాక చెబితే మోసం చేసినట్టే. ఇలా చేస్తే మాట్లాడేవాళ్లు తగ్గుతారు. తగ్గనీ.

క్లాసు విషయానికొస్తే, పుట్టుకతోనే నేరస్థులుంటారన్న లాంబ్రోసోతో మొదలుపెట్టకు. పేర్లు, ఊళ్లు చెరిపేసిన పంచనామా ఒకటి పంచిపెట్టి, ఇందులో ఎవరిని ఏం అడగకుండా వదిలేశారో రాయమను. దసరాకు వస్తావుగా, అప్పటికి కొన్ని నమూనాలు తయారుచేసి ఉంచుతాను.

మీ మామ