చెఱసాల వస్తువులు చెప్పు చరిత్ర

చరిత్ర యనగా రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును మాత్రమే కాదు. మనుష్యులు వాడి విడిచిన వస్తువులును చరిత్రయే. చెఱసాల విషయమున నిది మఱింత సత్యము. ఏలన, జైలు రిజిస్టరు ఖైదీ పేరును, నేరమును, శిక్షాకాలమును చెప్పును. అతని పళ్లెమును కంబళియు అతడెట్లు బ్రదికెనో చెప్పును.

మన బాటసింగారము మీదుగా బోవు 65వ జాతీయ రహదారియే నగరమునకు పడమట సంగారెడ్డిని చేరును. అచ్చట 1796లో కట్టిన జైలు కలదు. అందు 2012 వఱకు ఖైదీలుండిరి. వారిని క్రొత్త జైలునకు మార్చిన పిదప, జైళ్లశాఖవారు పాతదానిని పడగొట్టక, 2016లో ప్రదర్శనశాలగా నేర్పఱచిరి. 500 రూపాయలు చెల్లించినవారు ఖద్దరు దుస్తులు తొడిగి ఒక దినము ఖైదీవలె నుండు నేర్పాటును గావించిరి. అయినను, ఱేపు విడుదలయని యెఱిగినవానికి చెఱ తెలియునా? నిజముగా కాలికి దగిలిన సంకెల చెప్పు పాఠము వేఱు.

ముషీరాబాదు జైలు గతి మఱియొకటి. అది తొలగింపబడగా, ఆ స్థలమున గాంధీ ఆసుపత్రి వెలసినది. రోగులకు మేలయ్యెను. కాని గోడలు పోయినచోట జ్ఞాపకమును నిలుపవలసినవి చిన్న వస్తువులే.

వస్తువొక్కటియే చాలదు. 1948 సెప్టెంబరులో ముగిసిన నైజాము పాలన చివరి దినములలో, దాశరథి నిజామాబాదు కోటలోని జైలుగోడపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. అట్టి బొగ్గుముక్క దొరికినను, వివరము వ్రాసిన చీటి లేనిచో అది పొయ్యిలోని బొగ్గే యగును.

కావున సేకరించువారు ఈ నియమములను పాటింపవలెను:

1. వస్తువు ఎచ్చట, ఎన్నడు, ఎవరివలన దొరికెనో ఆనాడే వ్రాయవలెను.
2. సంకెలను తళతళలాడునట్లు తోమరాదు. అరుగుదల గుర్తులే దాని సాక్ష్యము.
3. ఖైదీల వస్తువులతోపాటు కావలివారి లాంతరును, తాళపుచెవులను గూడ ఉంచవలెను.
4. ఖైదీ వంశీయులకు తలవంపు కలుగునట్లు పేర్లు ప్రకటింపరాదు.

ఈ నాల్గవ నియమమును మేము ముఖ్యముగా నెంచెదము. చెఱసాలలో నుండినవాడును మనుష్యుడే. వాని వస్తువును దాచుట వాని నేరమును దాచుటకు గాదు; వాని మనుష్యత్వమును మఱవకుండుటకు.

అభ్యాసము: మీ యింటి పాత వస్తువు నొకదానిని గైకొని, పెద్దల నడిగి, మొదటి నియమము ప్రకారము చీటి వ్రాయుడు.