ఊరికి పోయిన బాపమ్మ

ట్రాలీ బ్యాగ్ మీద ఎక్కి కూర్చున్నాడు ఐదేళ్ల పిల్లాడు. దిగమంటే దిగడు. వాళ్ల నాన్నకు బెంగళూరు ఫ్లైటు టైమవుతోంది, కింద క్యాబ్ వచ్చి ఆగింది. బుజ్జగించినా, గదమాయించినా వాడిది ఒకటే మాట: "డాడీ, నువ్వు ఊరికి పోవద్దు."

హైదరాబాద్ కొండాపూర్‌లో మా ఎదురు ఫ్లాట్ సంగతి ఇది. గొడవ విని తలుపు తీసిన నాకు విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. వాళ్ల నానమ్మ పోయి అప్పటికి నెలైంది. వరంగల్ వైపు వాళ్లు కాబట్టి బాపమ్మ అంటారు. పిల్లాడికి ఎవరూ అసలు మాట చెప్పలేదు. "బాపమ్మ ఊరికి పోయింది" అన్నారంతే. ఊరికి పోయిన మనిషి మళ్లీ రాలేదు. ఇప్పుడు నాన్న ఊరికి పోతానంటున్నాడు. వాడి లెక్కలో తప్పేముంది?

1998లో ఐటీ ఆఫీసుల సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల ఎంతమంది పిల్లలు తాతల, నానమ్మల, అమ్మమ్మల చేతుల్లో పెరిగారో లెక్క లేదు. అమ్మానాన్నలు కాల్స్‌లో ఉంటే అన్నం తినిపించేది, స్కూల్ బస్సు కోసం గేటు దగ్గర నిలబడేది వాళ్లే. వాళ్లలో ఒకరు పోతే రాత్రికి రాత్రే కారు ఊరిదారి పడుతుంది. జడుసుకుంటాడని పిల్లాణ్ని పక్కింట్లో వదిలేస్తారు. పెద్దకర్మ అయ్యాక వచ్చి మళ్లీ లాగిన్ అవుతారు. కెమెరా ఆఫ్ చేసి ఏడ్చి, ముఖం కడుక్కుని మీటింగ్‌లో కూర్చుంటారు. పిల్లాడికి మిగిలేది ఖాళీ మంచం, దానికి కారణం చెప్పని పెద్దవాళ్లు.

మన భాషే ఇక్కడ కొంచెం మోసం చేస్తుంది. చావును మనం చావు అనం. పోయారంటాం, వెళ్లిపోయారంటాం, కన్నుమూశారంటాం. పెద్దవాళ్ల మధ్య అది మర్యాద. ఐదేళ్లవాడికి పోవడమంటే బస్సెక్కడం, కళ్లు మూయడమంటే నిద్ర. మరియా నాగీ అనే పరిశోధకురాలు బుడాపెస్ట్‌లో మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా ఉన్న పిల్లలతో మాట్లాడి 1948లో ఒక వ్యాసం ప్రచురించింది. అయిదేళ్లలోపు పిల్లల్లో చాలామంది చావును ప్రయాణంగానో నిద్రగానో ఊహించుకున్నారు. అంటే పిల్లలు ఎటూ పొరబడేచోటే మన మాటలు వాళ్లను ఇంకో అడుగు ముందుకు తోస్తున్నాయి.

వాళ్లమ్మను అడిగి, ఆ వారమే వాడికి ఒక కథ చెప్పాను. నేనేమీ గొప్ప కథకురాలిని కాను. మా కాంపౌండ్‌లో వేపచెట్టు మీద ఉడుతలుంటాయి, వాటినే పట్టుకున్నాను. చిన్న ఉడుతకు వాళ్ల బాపమ్మ రోజూ గింజలు ఒలిచి పెట్టేది. ఒకరోజు బాపమ్మ ఉడుత చనిపోయింది.

"దానికి ఆకలేస్తదా?"

"వేయదు. చనిపోతే ఒళ్లు పనిచేయడం ఆగిపోతుంది. ఆకలి ఉండదు, నొప్పి ఉండదు, చలి ఉండదు."

"మళ్ల ఎప్పుడొస్తది?"

"రాదు నాన్నా."

ఆ రెండక్షరాలు అనడానికి నాకే గొంతు పెగల్లేదు. వాడు చాలాసేపు చెట్టు వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "చిన్న ఉడుత ఫోన్ ఇయ్యలేదని బాపమ్మ మీద అరిసింది. అందుకే సచ్చిపోయిందా?" అన్నాడు.

ఉడుతకు ఫోనెక్కడిది అని నవ్వబోయి ఆగిపోయాను. గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నెల రోజులుగా వాడు మోస్తున్నది ఇదన్నమాట. "అరిస్తే ఎవరూ చనిపోరు. బాపమ్మ ఉడుతకు గుండెజబ్బు, అందుకని చనిపోయింది" అన్నాను. "మరి చిన్న ఉడుత ఇప్పుడేం తింటది?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దాని మీద ఇంకో అరగంట నడిచింది కథ.

నేరుగా అడిగితే వాడు ఈ మాట చెప్పేవాడు కాదు. ఉడుత అడ్డం ఉంది కాబట్టి చెప్పాడు.

అయితే ఏ కథ పడితే ఆ కథ పనికిరాదు. సావిత్రి యముడి వెంట నడిచి భర్తను తెచ్చుకుంది, మార్కండేయుణ్ని శివుడు కాపాడాడు. గొప్ప కథలే, కానీ చావు జరిగిన ఇంట్లో మొదటి నెలలో మాత్రం చెప్పొద్దంటాను. "మరి మనమెందుకు అడగలేదు?" అంటాడు పిల్లాడు, మీ దగ్గర జవాబుండదు. కిసాగోతమి కథ నిజాయితీ గలది. చనిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని బుద్ధుడు, చావెరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు. ఆమెకు ఆవాలు దొరుకుతాయి, అలాంటి ఇల్లు దొరకదు. (మా గేటెడ్ కమ్యూనిటీలో అయితే పాపం ఇంటింటికీ ఓటీపీ చెప్పాల్సి వచ్చేది.) ఎనిమిదీ తొమ్మిదేళ్లవాళ్లకు ఇది అందుతుంది, ఐదేళ్లవాడికి ఉడుతే నయం.

అమెరికాలో పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' వాళ్లకు ఇదే చిక్కు వచ్చింది. దుకాణదారు హూపర్ వేషం వేసే విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. వేరే నటుణ్ని పెట్టొచ్చు, ఊరు మారాడని చెప్పొచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు. 1983 నవంబరు 24న, థాంక్స్‌గివింగ్ సెలవు రోజున వచ్చిన భాగంలో, హూపర్ కోసం బొమ్మ గీసి తెచ్చిన పెద్ద పక్షి పాత్ర బిగ్ బర్డ్‌కు ఆయన చనిపోయాడని, ఇక తిరిగి రాడని చెప్పారు. చెబుతున్న పెద్దవాళ్ల కళ్లలో నీళ్లున్నాయి. నాకు ఆ నీళ్లే ముఖ్యమనిపిస్తుంది. వ్యక్తిత్వ వికాసం పేరిట నవ్వడం, మాట్లాడటం, నెగ్గడం నేర్పే తరగతులు మాదాపూర్‌లో బోలెడు. పిల్లాడి ముందు ఏడ్చి, "బాపమ్మ గుర్తొచ్చింది, అందుకే" అని చెప్పగలగడం ఎక్కడా నేర్పరు.

కథతో అన్నీ తీరవు. వారాల తరబడి తిండీ నిద్రా పోయినా, బడికి వెళ్లనని మొరాయిస్తున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉంది; 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ ఏడు పెత్రమాసకు, అంటే పోయినవాళ్లను తలుచుకునే అమావాస్యకు, ఎదురింటివాళ్లు బాపమ్మ పేరున బియ్యం ఇచ్చారు. ఈసారి పిల్లాణ్ని పక్కింటికి పంపలేదు. పళ్లెంలో కూరగాయలు వాడే సర్దాడు, ఆమెకిష్టమని బీరకాయ పైన పెట్టాడు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. క్లబ్‌హౌస్ ముందు డీజే హోరులోనే వాళ్లమ్మ వాడికి ధర్మాంగదుడనే రాజు కథ చెప్పింది. నూర్గురు పిల్లల్ని పోగొట్టుకున్న ఆ రాజదంపతులకు పుట్టిన పాపకు బతుకమ్మ అని పేరు పెట్టారట. "ఆ నూర్గురు వచ్చిన్రా?" అన్నాడు. "రాలేదు" అంది. తలూపాడు.

దసరా వెళ్లాక మళ్లీ బెంగళూరు ప్రయాణం. లిఫ్ట్ దగ్గర నేనూ ఉన్నాను.

"ఎన్ని రోజులు?"

"మూడు. గురువారం రాత్రికి వస్తా."

"బాపమ్మ లెక్క కాదు గదా?"

"కాదు బిడ్డా. బాపమ్మ చనిపోయింది. నేను ఆఫీసు పనికి పోతున్న."

పిల్లాడు రెండు చేతులతో బ్యాగ్‌ను లిఫ్ట్‌లోకి తోసి, మునివేళ్ల మీద నిలబడి జీ నొక్కాడు.