నియమానికి మినహాయింపు: స్కాలప్ వేట పరిశోధనకు ఇచ్చే ప్రత్యేక అనుమతులు

మన దేశపు తూర్పు తీరాన ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పశ్చిమ తీరాన జూన్ 1 నుండి జూలై 31 వరకు యాంత్రిక పడవల చేపల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. యానాం, చెన్నై, మంగళూరు, ముంబయి వంటి తీరపట్టణాలలో స్థిరపడిన తెలుగువారికి ఇది తెలిసిన విషయమే. ఆ దినాలలో పడవలు రేవులో నిలిచిపోతాయి. బజారులో చేపల ధర పెరుగుతుంది. అటువంటి సమయంలో ఒక్క పడవ మాత్రం సముద్రంలోకి వెళ్లి వల వేసిందనుకుందాం. ఒడ్డున పని లేక కూర్చున్న తక్కిన మత్స్యకారులకు సహజంగానే కొన్ని ప్రశ్నలు కలుగుతాయి. వీరికి అనుమతి ఎవరు ఇచ్చారు? ఎందుకోసం ఇచ్చారు? పట్టిన చేప ఎవరికి చెందుతుంది?

ఈ ప్రశ్నలు ప్రతి దేశంలోనూ పుట్టేవే. అమెరికా ఈశాన్య తీరంలో జరిగే స్కాలప్ వేట విషయంలో వీటికి సమాధానం చెప్పే పద్ధతి ఒకటి ఏర్పడి ఉంది. నియమాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు సడలించవచ్చునో తెలుసుకొనడానికి ఆ పద్ధతి మంచి ఉదాహరణ.

స్కాలప్, డ్రెడ్జ్

స్కాలప్ ఆల్చిప్పల వర్గానికి చెందిన జీవి. విసనకర్ర ఆకారంలో ఉండే రెండు చిప్పల మధ్య నివసిస్తుంది. చిప్పలను టపటప మూసి తెరుస్తూ నీటిని వెనుకకు చిమ్మి, కొద్ది దూరం ఈదగలదు. చిప్పలను మూసే గుండ్రని కండరాన్నే అక్కడివారు ప్రధానంగా ఆహారంగా వాడతారు. అట్లాంటిక్ సముద్రంలో న్యూఫౌండ్‌లాండ్ నుండి కేప్ హాటెరస్ వరకు ఇది లభిస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు సంపదకు ఈ జీవియే మూలాధారం.

దీనిని పట్టే సాధనం డ్రెడ్జ్. బలమైన ఇనుప చట్రం వెనుక ఇనుప కడియాలతో అల్లిన సంచి ఉంటుంది. పెద్ద పడవలు వాడే డ్రెడ్జ్ వెడల్పు సుమారు 15 అడుగులు. పడవ దానిని సముద్రపు నేల మీద ఈడ్చుకొనిపోతుంది. కడియం కంటే చిన్నవైన స్కాలప్‌లు సందులలోనుండి జారిపోవాలని, పెద్దవి సంచిలో నిలవాలని దాని ఉద్దేశ్యం. 2004లో కడియం లోపలి వ్యాసం కనీసం 4 అంగుళాలు ఉండాలని నిర్ణయించారు. అంతకు ముందు అది మూడున్నర అంగుళాలు.

పద్దులో కనబడని మరణాలు

ఒడ్డుకు చేరిన స్కాలప్‌లను తూచడం సులభం. అయితే వేట వలన, ప్రకృతి వలన చనిపోయిన వాటన్నిటినీ ఆ తూకం చెప్పదు. మొత్తం లెక్కలో నాలుగు పద్దులు ఉంటాయి.

మొదటిది, ఒడ్డుకు చేర్చిన పట్టు. రెండవది, చిన్నవని తిరిగి నీటిలో పారవేసిన వాటిలో తరువాత చనిపోయినవి. పడవ పైతట్టు మీద ఎండకు, గాలికి ఎంతసేపు ఉన్నాయన్న దానిని బట్టి వాటి బ్రతుకు ఆధారపడుతుంది. మూడవది, సంచిలో పడకుండానే డ్రెడ్జ్ కింద నలిగిపోయినవి. నాలుగవది, వ్యాధుల వలన, నక్షత్ర చేపల వంటి శత్రువుల వలన సహజంగా చనిపోయినవి.

నాలుగవ పద్దుకు ఒక ఆనవాలు ఉంది. స్కాలప్ సహజంగా చనిపోయిన తరువాత కూడా దాని రెండు చిప్పలు కొంతకాలం అతుక్కొనియే ఉంటాయి. అటువంటి ఖాళీ జతలను బ్రతికి ఉన్న వాటితో పోల్చి సహజ మరణాల రేటును అంచనా వేసే విధానాన్ని మెరిల్, పోస్గే అనే శాస్త్రజ్ఞులు 1964లో ప్రకటించారు.

మూడవ పద్దు అన్నిటికంటె కఠినమైనది. కెనడా జలాలలో డ్రెడ్జ్ వెళ్లిన జాడలను పరిశీలించిన కేడీ, దారిలో మిగిలిపోయిన స్కాలప్‌లలో 15 నుండి 20 శాతం చనిపోతాయని 1973లో తేల్చారు. అమెరికా మధ్య అట్లాంటిక్ తీరంలోని ఇసుక నేల మీద పరిశీలించిన మురావ్‌స్కీ, సెర్చుక్‌లకు 1989లో 5 శాతం లోపే కనబడింది. రెండింటిలోనూ సాధనం డ్రెడ్జే. నేల మారింది, లెక్క మారింది. రాతి నేల మీద స్కాలప్ రాళ్లకు, ఇనుముకు నడుమ నలుగుతుంది. ఇసుకలోనైతే కొంత ఒదిగిపోతుంది. కనుక ఒక చోట తేలిన అంకెను మరొక చోటికి యథాతథంగా అన్వయించరాదు. ఆ అంకెను తక్కువగా వేస్తే వేట కోటా హద్దు మీరి, రేపటి పట్టు తగ్గిపోతుంది. ఎక్కువగా వేస్తే నేటి మత్స్యకారుని సంపాదనకు అకారణంగా కోత పడుతుంది.

అనుమతి అవసరం ఎందుకు?

ఈ లెక్క తేలాలంటే డ్రెడ్జ్‌ను నేల మీద ఈడ్చి చూడవలసిందే. చిక్కు అక్కడే వస్తుంది. నాలుగు అంగుళాల కడియం నుండి ఏ పరిమాణపు స్కాలప్‌లు జారిపోతున్నాయో తెలియాలంటే, చిన్న కడియాలతో, లోపల సన్నని వల అస్తరుతో ఉన్న మరొక డ్రెడ్జ్‌ను పక్కనే ఈడ్చి పోల్చాలి. మామూలు వేటలో అటువంటి సంచి చట్టవిరుద్ధం. సముద్రంలో గడిపే దినాల కోటా మీద సాగే వేటలో సిబ్బంది ఏడుగురికి మించరాదు. స్కాలప్‌లను చేతితోనే ఒలుస్తారు కనుక, చేతుల సంఖ్యకు హద్దు పెడితే పట్టుకూ హద్దు ఏర్పడుతుందని ఆ నియమం. పరిశోధకులు ఎక్కితే ఆ సంఖ్య దాటుతుంది. చిన్న చేపను కొలవడానికి కొద్దిసేపు పడవ మీద ఉంచుకొన్నా కనీస పరిమాణపు నియమాన్ని మీరినట్లే.

అందువలన 1976 నాటి మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం కింద రూపొందిన నిబంధనలు మినహాయింపు వేట అనుమతి అనే ఏర్పాటు చేశాయి. పరిశోధన నౌక చేసే శుద్ధ శాస్త్రీయ పనిని ఆ చట్టం వేటగా పరిగణించదు. వాణిజ్య వేట పడవ నియమానికి భిన్నంగా వేట సాగించవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ అనుమతి ఉండాలి.

దరఖాస్తులో పరిశోధన లక్ష్యం, పాల్గొనే పడవలు, వేట జరిగే స్థలం, కాలం, వాడే సాధనం, పట్టబోయే జాతులు, వాటి పరిమాణం స్పష్టంగా తెలుపవలెను. దరఖాస్తు పరిశీలనకు అర్హమని జాతీయ సముద్ర మత్స్య సేవా సంస్థ భావిస్తే ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన వెలువరిస్తుంది. ప్రజలు తమ అభిప్రాయాలు తెలుపడానికి 15 నుండి 45 దినాల గడువు ఉంటుంది. మంజూరైన అనుమతి సాధారణంగా ఒక సంవత్సరానికి మించదు. దానిని మరొకరికి బదిలీ చేయరాదు. పడవ మీద పరిశీలకుని ఉంచాలని షరతు విధించే అధికారం కూడా సంస్థకు ఉంది. జీవరాశికి హాని కలుగుతుందని తోచినా, ఒకరికి ఆర్థిక లాభం చేకూర్చడమే దాని ఏకైక ప్రయోజనమైనా అనుమతిని నిరాకరించవచ్చును.

మూసిన ప్రాంతం నేర్పినది

1994 డిసెంబరులో, కాడ్ వంటి నేలచేపలు క్షీణించినందున, జార్జెస్ బ్యాంక్ మీద, దాని పరిసరాలలో సుమారు 17,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని మూసివేశారు. స్కాలప్ డ్రెడ్జ్‌లకు కూడా ప్రవేశం లేకపోయింది. బయట వేట పలుచబడుతుండగా లోపల ఏమి పెరుగుతున్నదో మత్స్యకారులకు తెలియదు. 1998 నాటికి మూసిన ప్రాంతాలలో స్కాలప్‌ల మొత్తం బరువు 14 రెట్లు పెరిగినట్లు తేలింది. ఆ సంవత్సరమే ప్రభుత్వ శాస్త్రజ్ఞులు, విశ్వవిద్యాలయాలవారు, మత్స్యకారులు కలిసి వాణిజ్య పడవలతో ఒక మూసిన ప్రాంతంలో సర్వే జరిపారు. 1999లో ఆ ప్రాంతంలో కొంత భాగాన్ని పరిమితంగా తెరిచారు. అదే సంవత్సరం మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు కెవిన్ స్టోక్స్‌బరీ, మత్స్యకారుల సహకారంతో, వీడియో కెమెరాలను నేలకు దింపి స్కాలప్‌లను లెక్కించే పని ప్రారంభించారు. కెమెరాతో తేలే లెక్కకు జీవిని చంపవలసిన పని లేదు. మినహాయింపు ఎక్కడ అనవసరమో కూడా శాస్త్రమే చూపగలదు.

తాళం వేసిన గదిలో ధాన్యం ఎంత ఉందో చూడడానికి ఒకరిని లోపలికి పంపడం వంటిదే ఈ సర్వే. లోపలికి వెళ్లినవాడు బయట ఉన్నవారి ఎదుట లెక్క చెప్పాడు కనుకనే తలుపు తెరవడానికి అందరికీ ఆధారం దొరికింది.

ఖర్చు ఎవరిది?

ఈ పరిశోధనకు అయ్యే ఖర్చును సముద్రమే భరిస్తుంది. మొత్తం కోటాలో కొంత భాగాన్ని పరిశోధన కోసం ముందుగానే వేరుచేస్తారు. 2011లో ఆ వాటాను ఏటా 12.5 లక్షల పౌండ్లుగా, అనగా సుమారు 5 లక్షల 67 వేల కిలోలుగా, నిర్ణయించారు. ఎంపికైన పరిశోధకులకు నగదుకు బదులు ఆ వాటాలో భాగం లభిస్తుంది. దానిని పడవలు పట్టి అమ్మగా వచ్చిన సొమ్ము పరిశోధనకు, పడవ ఖర్చుకు పోతుంది. వేరుచేసిన ప్రతి పౌండు తక్కిన మత్స్యకారుల వాటా నుండి వచ్చినదే కనుక, ఫలితం అడిగే హక్కు వారికి ఉంటుంది.

పౌరులు గ్రహించవలసినది

మినహాయింపు అనగానే పలుకుబడి గలవారికి జరిగిన ఉపకారమని మనకు అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం తప్పు కాదు. దానిని ప్రశ్నగా మార్చడమే పౌరధర్మం. సక్రమమైన మినహాయింపునకు ప్రయోజనం, హద్దు, గడువు, బహిరంగ ప్రకటన, చివరకు అందరికీ అందే ఫలితం అనే ఐదు లక్షణాలు ఉండాలి. మీరు నివసించే పట్టణంలో అభ్యంతరాలు, సూచనలు కోరుతూ ప్రకటన వెలువడినప్పుడు, అది చెట్ల నరికివేతకు సంబంధించినదైనా, చెరువు గట్టుకు సంబంధించినదైనా, ఈ ఐదింటినీ వెదకండి. ఏది లోపించిందో గడువులోగా వ్రాతపూర్వకంగా అడగండి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. ఒడ్డుకు చేరిన పట్టును మాత్రమే లెక్కిస్తే ఏ మూడు రకాల మరణాలు పద్దులోనుండి తప్పిపోతాయి?

2. 1973, 1989 నాటి పరిశీలనలలో అంకెలు భిన్నంగా రావడానికి నేల స్వభావం ఎట్లు కారణం కాగలదు?

3. ఏడుగురి సిబ్బంది నియమం స్కాలప్‌లను ఎట్లు కాపాడుతుంది? పరిశోధనకు అది ఎందుకు అడ్డు వస్తుంది?

4. మీ పట్టణంలో ఇటీవల వెలువడిన ఒక బహిరంగ ప్రకటనను తీసుకొని, పైన చెప్పిన ఐదు లక్షణాలలో ఎన్ని అందులో ఉన్నాయో పరిశీలించండి.